సుల్తానాబాద్ పరిసరాల్లో లిపులు, అక్షరక్రమం

సుల్తానాబాద్ పెద్దపల్లి జిల్లాలోని పట్టణం, మండల కేంద్రం. కరీంనగర్ నుంచి పెద్దపల్లికి పోయే రాజీవ్ రహదారి మీద ఉంటుంది. బియ్యం మిల్లులకు పేరున్న ఊరు. నిజాం కాలంలో కరీంనగర్ జిల్లాలో తాలూకాగా ఉండేది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. ఈ ఊరి చుట్టుపక్కల రెండు వేల ఏళ్లకు పైగా ఏదో ఒక లిపిలో రాత నడుస్తూనే ఉంది. గోదావరి ఒడ్డున దొరికిన నాణేల మీద బ్రాహ్మి, గుట్టరాళ్ల మీద తెలుగు కన్నడాల ఉమ్మడి లిపి, దఫ్తరాల్లో ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ, రైల్వే బోర్డుల మీద రోమన్, ఉత్తరాన ఆదిలాబాద్ గూడేల్లో గోండి.

తెలుగు పలికినట్టే రాస్తామని, రాతకూ పలుకుకూ పొంతన లేనిది ఇంగ్లిషేనని బడిపిల్లల నుంచి పండితుల దాకా అంటుంటారు. ఈ ప్రాంతపు రాతలను దగ్గర పెట్టుకుని చూస్తే ఆ మాట నిలవదు. ఇక్కడ వాడిన ప్రతి లిపిలోనూ పలుకు పోయినా మిగిలిపోయిన అక్షరాలున్నాయి, నోట్లో ఉండి కూడా అక్షరానికి నోచుకోని పలుకులున్నాయి.

ఒక పేరు, మూడు రాతలు

ముందుగా ఊరి పేరే చూద్దాం. తెలుగులో సు, ల్తా, నా, బా అనే నాలుగు అక్షరాలు, చివర పొల్లు ద. ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో చూడగానే తెలుస్తుంది. ఉర్దూలో ఇదే పేరును సీన్, లామ్, తోయె, అలిఫ్, నూన్, మద్దు పెట్టిన అలిఫ్, బే, అలిఫ్, దాల్ అని రాస్తారు. మూడు దీర్ఘాలకూ మూడు అలిఫ్‌లు ఉన్నాయి కాని మొదటి ఉకారం ఎక్కడా కనబడదు. ఉకారానికి పేష్ అనే గుర్తు ఉన్నా రోజువారీ రాతలో పెట్టరు, చదివేవారే పూరించుకుంటారు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఆ ఉకారానికి యు దొరికింది. అయితే అందులోని మూడు ఎలు దీర్ఘాలో హ్రస్వాలో చెప్పవు. టి అంటే త అనీ, డి అంటే ద అనీ ముందే తెలిసినవారికే తెలుస్తుంది. బ్రిటిష్ వారి ఇంపీరియల్ గెజిటీర్ ఇలాంటి పేర్లలో ఎ మీద అడ్డగీత పెట్టి దీర్ఘం చూపేది. 1870లలో విలియం విల్సన్ హంటర్ పేరు మీద ప్రభుత్వం స్థిరపరచిన పద్ధతికి సంబంధించిన గీత అది. కార్యాలయాల రాతలో, బోర్డుల మీద అది నిలవలేదు.

ఉర్దూ రాతలోని తోయె దగ్గర కాసేపు ఆగాలి. ఉర్దూలో తకారానికి రెండు అక్షరాలు, తే, తోయె. పలుకులో వాటికి తేడా లేదు. అరబ్బీలో తోయెకు గొంతు బిగబట్టి పలికే వేరే ధ్వని ఉంది. అరబ్బీ మాటలతో పాటు ఆ అక్షరం ఫార్సీలోకి, ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చింది కాని ధ్వని అరబ్బీలోనే ఉండిపోయింది. సుల్తాన్ అరబ్బీ మాట కాబట్టి తోయెతోనే రాయాలి, తే పెడితే తప్పు. అలాగే సకారానికి సీన్, స్వాద్, సే అని మూడు, ఇంగ్లిష్ జెడ్ పలికే ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయె అని నాలుగు ఉన్నాయి. ఏ మాటకు ఏది రాయాలో ఉర్దూ బడిలో కంఠతా పట్టాల్సిందే.

తోయె పూర్వీకుడు ఫినీషియన్ లిపిలోని తేత్ అనే అక్షరం. గుండ్రటి గీతలో అడ్డంగా నిలువుగా గీతలు దాని ఆకారం. గ్రీకులు దాన్నే తీటా చేసుకున్నారు. గుండ్రంలో చుక్క పెట్టి కూడా రాసేవారు. బ్రాహ్మిలో థ కూడా గుండ్రంలో చుక్కే. బ్రాహ్మి సెమిటిక్ లిపి నుంచి పుట్టిందని వాదించిన జర్మన్ పండితుడు గేయోర్గ్ బ్యూలర్ ఈ థను కూడా తేత్ నుంచే రాబట్టాడు. బ్రాహ్మి పుట్టుక మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, భారతదేశంలోనే పుట్టిందనే వాదమూ ఉంది. కాని బ్రాహ్మి థ నడుమ ఉన్న చుక్క మాత్రం మన థలో చెక్కుచెదరకుండా ఉంది. గోదావరి పక్కన వేద పండితుల ఊరుగా పేరున్న మంథని పేరులో దాన్ని చూడవచ్చు. బ్యూలర్ చెప్పిందే నిజమైతే ఉర్దూలో రాసిన సుల్తానాబాద్‌లోని తోయె, తెలుగులో రాసిన మంథనిలోని థ దాయాదులు.

ఇంగ్లిష్ కథ ఇంకోలా నడిచింది. రోమన్లు తీటాను తమ లిపిలోకి తీసుకోలేదు. పాత ఇంగ్లిష్‌లో ఆ ధ్వనికి థార్న్ అనే అక్షరం ఉండేది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికే అది వెనకబడింది. యూరప్ నుంచి తెచ్చిన అచ్చు అక్షరాల్లో దానికి చోటు లేక టి, హెచ్ జంటే దిక్కయింది. ఆ జంటే మన దగ్గర త రాయడానికి పనికొచ్చింది. టిని టకారానికి వదిలేసి త కోసం టి, హెచ్ రాయడం తెలుగు, తమిళ దేశాల అలవాటు. ఉత్తరాదిలో టి, హెచ్ అంటే థ. అందుకే జ్యోతి పేరును ఇంగ్లిష్‌లో మనవాళ్లు ఒకలా, ఉత్తరాదివారు ఒకలా రాస్తారు. మంథని స్పెల్లింగులో టి, హెచ్ నిజంగానే థ. ఒకే జంట ఒక ఊరిపేరులో థ, ఒక మనిషిపేరులో త.

నాణేల నుంచి గుట్టల దాకా

ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాల శాతవాహనుల తొలినాటి స్థావరం. అక్కడ దొరికిన నాణేల మీద గోభద, నారణ, కంవాయస, సామగోప అనే స్థానిక పాలకుల పేర్లు, వాటితో పాటు శాతవాహన వంశ మూలపురుషుడి పేరు ప్రాకృతంలో, బ్రాహ్మి అక్షరాల్లో ఉన్నాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వీటిని చదివి ప్రకటించాడు. మూలపురుషుడి పేరు నాణెం మీద చిముక, మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో సిముక, పురాణాల రాతప్రతుల్లో శిశుక, సింధుక, శిప్రక. రాజవంశాన్ని స్థాపించినవాడి పేరుకే ఒక స్పెల్లింగు కుదరలేదు.

ఆ నాణేల మీద రాజు అనే అర్థంలో ఉన్న మాట రఞో. సంస్కృతంలోని రాజ్ఞః ప్రాకృతంలో ఇలా మారింది. ఇందులోని ఞ నేటి తెలుగులో దాదాపుగా జ్ఞ ఒత్తుగానే బతుకుతోంది. ఆ జ్ఞను కూడా ఎవరూ జ, ఞ కలిపి పలకరు. జ్ఞానం కొందరి నోట గ్నానం, కొందరి నోట గ్యానం. కోటిలింగాల నాణెం అచ్చుపోసినవాడికి ఞ నోట్లో పలికే అక్షరం. అతని రాతలోనూ ఒక లోటుంది. పలుకులో అది రఞ్ఞో, ఞకు ఒత్తు ఉండాలి. ఆనాటి బ్రాహ్మిలో ప్రాకృతం రాసేటప్పుడు ద్విత్వాలకు ఒత్తు పెట్టే అలవాటు లేదు. పలికినంతా రాయకపోవడం ఈ నేల మీద దొరికిన మొదటి రాతల్లోనే ఉందన్నమాట.

సుల్తానాబాద్ పక్క మండలం ఎలిగేడులో ధూళికట్ట ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం తవ్వకాల్లో బ్రాహ్మి అక్షరాలున్న దంతపు ముద్ర దొరికింది. ఈ బ్రాహ్మి నుంచే మెట్టుమెట్టుగా తెలుగు లిపి వచ్చింది. బ్రాహ్మిలో క కూడిక గుర్తులా, ర నిలువు గీతలా, గ తలకిందులైన వి అక్షరంలా ఉండేవి. గ లోని వంపు ఇప్పటికీ గుర్తుపట్టేట్టుగా ఉంది. కూడిక గుర్తు నుంచి మన క దాకా వచ్చిన దారి మాత్రం శాసనాల పటాలు వరుసగా పెట్టుకుంటే తప్ప నమ్మబుద్ధి కాదు.

గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీది శాసనం ఈ ప్రాంతానికి పెద్ద ఆస్తి. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో 941లో విక్రమార్జున విజయం రాసిన పంపడికి తమ్ముడైన జినవల్లభుడు సుమారు 945లో దీన్ని చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ కంటే దాదాపు నూరేళ్ల ముందు తెలుగులో కందం నడిచిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. మూడు భాషలకూ లిపి ఒక్కటే. ఆనాటికి తెలుగు లిపి, కన్నడ లిపి అని వేరుగా లేవు. భాషలు విడిపోయి ఎన్నో వందల ఏళ్లు గడిచినా అక్షరాలు కలిసే ఉన్నాయి.

పలుకు పోయిన అక్షరాలు

పాత తెలుగు శాసనాల్లో ఴ అనే అక్షరం కనిపిస్తుంది. తమిళులు, మలయాళీలు ఇప్పటికీ పలికే ధ్వనే అది. తెలుగులో ఆ ధ్వని సుమారు పదో శతాబ్దానికల్లా ఎక్కువ చోట్ల డకారంలో కలిసిపోయింది. తమిళంలో ఆ ధ్వనితో ఉన్న ఏడు, కోడి మనకు డకారంతో ఉన్నాయి. చోఴ మన దగ్గర చోడ అయింది. ధ్వనితో పాటు అక్షరమూ పోయింది కాబట్టి పిల్లలకు ఆ బాధ లేదు. 2014లో యూనికోడ్‌లో చేర్చాక ఴను శాసన పరిశోధకులు కంప్యూటరులో కొట్టగలుగుతున్నారు.

బండి ర సంగతి వేరు. ధ్వని పోయినా అక్షరం చాలాకాలం ఉంది. ఏఱు అంటే నది, తమిళంలో ఆఱు. ఏరు అంటే ఎద్దులు కట్టిన నాగలి, ఏరువాకలో ఉన్నది అదే. రెండు రకారాల తేడా వినిపించిన రోజుల్లో ఈ రెండు మాటలకు గొడవ లేదు. తేడా పోయాక ఏది బండి ర, ఏది మామూలు ర అన్నది కవులకూ లాక్షణికులకూ పెద్ద పరీక్ష అయింది. ఇంగ్లిష్ పిల్లవాడు రాయడం అనే అర్థమున్న రైట్ మాటలో పలకని డబుల్ యు ఎందుకుందో నేర్చుకోవడానికీ దీనికీ ఏమీ తేడా లేదు. అక్కడా ఒకప్పుడు ఆ అక్షరం పలికేవారు.

అరసున్న ఇంతకన్నా ఆసక్తికరం. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. తమిళంలో సంవత్సరాన్ని ఆండు అంటారు, ణకారం నిండుగా పలుకుతుంది. సుమారు 575 నాటి కలమళ్ల శాసనంలో రేనాణ్డు అని ఉన్న పేరు తర్వాత రేనాఁడు, ఆ తర్వాత రేనాడు అయింది. అంటే అరసున్న పెట్టిన చోటల్లా ఒకప్పుడు నిండు అనునాసికం ఉండేది. వాడుకలోంచి దాన్ని తీసేయడం సరైన పనే, పిల్లల నెత్తిన ఆ బరువు అక్కర్లేదు. కాని పాత పుస్తకాలు తిరిగి అచ్చువేసేటప్పుడు కూడా అరసున్నలు, బండి రలు ఊడ్చేయడం నష్టం. భాషా చరిత్ర అంతా వాటిలోనే దాగి ఉంది.

1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పై ఆరు వర్ణాలని లెక్క చెప్పాడు. ఆ ముప్పై ఆరులో ౘ, ౙ ఉన్నాయి. చలిలోని చ, చిలుకలోని చ ఒకటి కావని తెలుగువారి నోటికి తెలుసు, రాసేది మాత్రం ఒకే అక్షరం. ఆ రెంటికీ యూనికోడ్‌లో 2008లో చోటు దొరికింది. మరోవైపు ఓనమాల్లో చాలాకాలం ఉన్న ఌ అచ్చు కౢప్తం అనే మాట కోసం తప్ప అక్కరకు రాలేదు. దాని దీర్ఘమైన ౡ కోసం తెలుగులో ఒక్క మాట కూడా లేదు.

సున్న కూడా పలికినట్టు రాసే గుర్తు కాదు. కంకణంలో ఒకలా, గంటలో ఒకలా, పంతులులో ఒకలా, చెంబులో ఒకలా పలుకుతుంది. తర్వాతి అక్షరాన్ని బట్టి పలకాలన్నది సూత్రం. ఆ సూత్రం ప్రకారం కరీంనగర్‌లో సున్న తర్వాత న ఉంది కాబట్టి నకారంలా పలకాలి. పలికేది మకారం. జిల్లా పేరులోనే సూత్రం తప్పుతోంది, ఎవరూ గమనించరు.

అక్షరం లేని పలుకు కూడా ఒకటి ఉంది. కోస్తావారు వచ్చాడు, చేశాడు అన్నప్పుడు ఆ దీర్ఘం ఆ కాదు, ఏ కాదు, రెంటికీ నడుమ నోరు వెడల్పు చేసి పలికే అచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు దీన్ని ప్రత్యేకమైన అచ్చుగా గుర్తించారు. దీనికి లిపిలో గుర్తు లేదు. బ్యాంకు, క్యాలెండర్ వంటి ఇంగ్లిష్ మాటల్లో అదే ధ్వని వస్తే యవత్తు అరువు తెచ్చుకుంటాం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాడుకలో ఆ క్రియలు వచ్చిండు, చేసిండు. వీటిలో ప్రతి ధ్వనికీ అక్షరం ఉంది. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం తప్పుగా లెక్కవేసిన తెలంగాణ రూపమే ఇక్కడ లిపికి ఎక్కువ నమ్మకంగా ఉందని గట్టిగా చెప్పాలి.

ఉర్దూ దారిన, ఇంగ్లిష్ దారిన

నిజాం రాజ్యంలో 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. 1905లో జిల్లాలు మార్చినప్పుడు ఎలగందల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. పట్టాలు, పహాణీలు, కోర్టు కాగితాలు, బడి చదువు అన్నీ ఉర్దూలో. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టి 1988లో జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలోనే. ఉర్దూలో ణ, ళ లకు అక్షరాలు లేవు. ఎకార ఒకారాల్లో హ్రస్వ దీర్ఘాలు వేరు చేయడానికి గుర్తులూ లేవు. తెలుగు పేర్లు ఆ జల్లెడలోంచి దిగి ఇంగ్లిష్‌లోకి వెళ్లాయి.

జగిత్యాల ఇంగ్లిష్ స్పెల్లింగు చూడండి. జె, ఎ, జి, టి, ఐ, ఎ, ఎల్. జగిలోని ఇకారం లేదు, చివరి అకారం లేదు. సిరిసిల్లకు ఎస్, ఐ, ఆర్, సి, ఐ, ఎల్, ఎల్, ఎ. రెండో అక్షరం రిలోని ఇకారం ఎగిరిపోయింది. రాయని హ్రస్వాచ్చులే ఇలా పోయాయంటే ఉర్దూ రాతను చూసి స్పెల్లింగు కట్టారని అనిపిస్తుంది. సిరిసిల్లలో సకారానికి ఒకచోట ఎస్, ఇంకోచోట సి. లాటిన్‌లో సి ఎప్పుడూ కకారమే. ఇ, ఎ ల ముందు అది మెత్తబడి ఫ్రెంచిలో స అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ అలవాటు ఇంగ్లిష్‌లోకి వచ్చింది. నేత కార్మికుల ఊరి పేరులో అది ఇప్పటికీ ఉంది.

లక్సెట్టిపేటలో ల తర్వాత అకారానికి యు, క్స కోసం ఎక్స్. పదిహేడో శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండులో హ్రస్వ ఉకారం చాలా మాటల్లో మన అకారానికి దగ్గరగా మారింది. అందుకే పాతకాలపు ఆంగ్లేయులు అకారం విన్నచోట యు రాసేవారు. పంజాబ్ స్పెల్లింగులోని యు కూడా అలా వచ్చిందే. వేములవాడలో రెండు వకారాలున్నాయి. మొదటిదానికి వి, రెండోదానికి డబుల్ యు రాస్తారు. తెలుగులో ఒకటే అక్షరం, ఒకటే పలుకు. లాటిన్‌లో తమ ధ్వనికి అక్షరం లేక ఇంగ్లిష్ లేఖకులు రెండు యులు పక్కపక్కన పెట్టి రాసుకున్నదే డబుల్ యు. ఎలిగేడులో ఏత్వానికి ఎ, ఐ జంట. పల్లి అనే మాటకైతే చివర ఒక ఊరిలో ఐ, ఇంకో ఊరిలో వై. పెద్దపల్లికి ఐ, మెట్‌పల్లికి వై. ఆధార్‌లో ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉన్న పేర్లతో జనం మీసేవా కేంద్రాల చుట్టూ తిరుగుతున్నారు. అది వాళ్ల తప్పు కాదు. ఏ పేరును ఎలా రాయాలో ఒక పద్ధతి పెట్టి దాన్ని అన్ని శాఖలూ పాటించేలా చూడటం ప్రభుత్వం చేయాల్సిన పని.

తెలుగువారు ఇంగ్లిష్ అక్షరాల పేర్లు రాసే తీరులోనూ పాత పలుకు దాగి ఉంది. పాత సైన్ బోర్డుల మీద యం.ఎ., యస్. రాజయ్య వంటి రాతలు కనిపిస్తాయి. తెలుగులో మాట మొదట ఎకారం వస్తే దానికి ముందు యకారం తగులుతుంది. ఎండను యెండ అన్నట్టే ఎమ్ యెమ్ అయింది, యం అని రాతకెక్కింది. కొత్తతరం ఎం అని రాస్తోంది. రెండూ సరైనవే, రెండూ తెలుగే.

గుంజాల లిపి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గూడెంలో గోండి భాషలో రాసిన చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. సుమారు 1750 నాటివని పండితుల అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన జయధీర్ తిరుమలరావు బృందం వీటి మీద పనిచేసింది. అంతకుముందు 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలను నాగరి లిపిలో వేయించాడు. సొంత లిపి ఉందని అప్పటికి బయటి లోకానికి తెలియదు. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం చేసిన మరో గోండి లిపి ఉంది. గుంజాల లిపి దానికన్నా వేరు, ఎంతో పాతది.

ఈ లిపిలో హల్లుల వరుస క, ఖ, గ, ఘ తో మొదలు కాదు. య, వ, బ, భ, మ తర్వాత క వస్తుంది, చివర హ, ర, స. సంస్కృత శిక్షా గ్రంథాల వర్గాల వరుసను ఆదిలాబాద్ గూడేలు పాటించలేదు, తమ వరుస తాము పెట్టుకున్నాయి. 2018లో యూనికోడ్ ఈ లిపికి చోటిచ్చినప్పుడు ఆ వరుసను అలాగే ఉంచింది. ఎకారానికీ ఒకారానికీ ఇందులో ఒక్కొక్క అక్షరమే ఉంది, హ్రస్వ దీర్ఘాల తేడా చూపదు. యూనికోడ్ పట్టికలో హ్రస్వ ఎకార ఒకారాలు ఉండాల్సిన రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఫాంటు ఉంది, కోడ్ ఉంది. ఇక కావలసింది గూడెం బడుల్లో ఆ అక్షరాలు నేర్పే ఉపాధ్యాయులు, చదువుకోవడానికి ఆ లిపిలో అచ్చయిన పుస్తకాలు.